వెబ్‌సైటు మాటలు పీఓ ఫైలుకి ఎలా చేరతాయి, దారిలో ఎక్కడ తప్పిపోతాయి

సగం తెలుగు, సగం ఇంగ్లీషు ఉన్న వెబ్‌సైట్లు మనకు కొత్త కాదు. పైన మెనూ చక్కటి తెలుగులో ఉంటుంది. ఫారం నింపి బటన్ నొక్కగానే ఎర్రటి అక్షరాల్లో "ప్లీజ్ ఎంటర్ ఎ వ్యాలిడ్ నంబర్" అని ఇంగ్లీషు బయటపడుతుంది. ఇంకో పేజీలో "మీ పార్సిల్ రవి కు పంపబడింది" అంటూ పేరొక చోట, విభక్తి ఒక చోట వేలాడుతుంటాయి. చూసినవాళ్లు అనువాదకుణ్ణి తిట్టుకుంటారు. నిజానికి మొదటి వాక్యం ఆయన కంటపడనే లేదు. రెండోది ఆయన చేతికి ముక్కలుగా వచ్చింది. రెండు తప్పులూ అనువాదానికి ముందే, టెంప్లేట్ (పేజీకి అచ్చులా పనిచేసే ఫైలు) నుంచి మాటలను బయటికి తీసి, అనువాదకుడు పనిచేసే పీఓ ఫైల్లో పెట్టే దశలోనే జరిగిపోయాయి.

ఆ దశ లోపల ఏం జరుగుతుందో చూడటానికి ఇక్కడ పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోను ఎంచుకున్నాం. దాని టెంప్లేట్లు గెట్‌టెక్స్ట్ అనే పాత, గట్టి అనువాద పనిముట్టు మీద ఆధారపడతాయి. వర్డ్‌ప్రెస్, ఫ్లాస్క్ లాంటివాటిలో ఆజ్ఞల పేర్లు మారినా లోపలి తర్కం ఇదే. కోడ్‌లో ఇంగ్లీషులో రాసే మాటలను ఈ వ్యాసంలో పలికే తీరులో తెలుగులో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే వాడాలి.

యంత్రానికి ఇంగ్లీషు రాదు

గ్నూ గెట్‌టెక్స్ట్ 1995లో వచ్చింది. దాని పద్ధతి సులువు. ప్రోగ్రామర్ తర్జుమా కావాల్సిన ప్రతి మాటనూ ఒక ఫంక్షన్ పేరుతో చుడతాడు. ఎక్స్‌గెట్‌టెక్స్ట్ అనే పనిముట్టు సోర్సు కోడ్ చదివి, ఆ ఫంక్షన్ పేరు కనిపించిన ప్రతిచోటా కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటను ఏరి పాట్ అనే నమూనా ఫైల్లో రాస్తుంది. అక్కణ్ణుంచి భాషకొకటి చొప్పున పీఓ ఫైళ్లు పుడతాయి. అనువాదం పూర్తయ్యాక ఎమ్ఎస్‌జీఎఫ్ఎమ్‌టీ అనే పనిముట్టు దాన్ని కంపైల్ చేసి, అంటే యంత్రం చదివే రూపంలోకి తెచ్చి, ఎమ్ఓ ఫైలుగా మారుస్తుంది. పేజీ చూపేటప్పుడు సర్వరు చదివేది ఆ ఎమ్ఓనే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, ఎక్స్‌గెట్‌టెక్స్ట్ ప్రోగ్రామును నడపదు, పైపైన చదువుతుంది. కొటేషన్లలో ఉన్నది ఇంగ్లీషు వాక్యమా, ఫైలు పేరా అన్నది దానికి తెలీదు. ఫంక్షన్ పేరు ఉందా, దాని బ్రాకెట్లో నేరుగా రాసిన మాట ఉందా, ఈ రెండే చూస్తుంది. ఏరివేతలో వచ్చే తప్పుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

మరి హెచ్‌టీఎమ్ఎల్ టెంప్లేట్‌ను అది ఎలా చదువుతుంది? ఎక్స్‌గెట్‌టెక్స్ట్‌కు జాంగో టెంప్లేట్ భాష రాదు, పైథాన్ వచ్చు. అందుకని జాంగో ఒక ఉపాయం చేస్తుంది. మేక్‌మెసేజెస్ అనే ఆజ్ఞ ఇచ్చినప్పుడు ప్రతి టెంప్లేట్‌నూ ముందు పైథాన్‌లా కనిపించే తాత్కాలిక ఫైలుగా మారుస్తుంది. అనువదించాల్సిన మాటకు గుర్తుగా పెట్టే ట్రాన్స్‌లేట్ ట్యాగులున్న చోట గెట్‌టెక్స్ట్ ఫంక్షన్ పిలుపు పెడుతుంది. మిగతా హెచ్‌టీఎమ్ఎల్‌లో ప్రతి అక్షరం మీదా ఎక్స్ అని రాసి చెరిపేస్తుంది. ఖాళీలనూ లైన్లనూ మాత్రం ముట్టుకోదు, ఎందుకంటే పీఓ ఫైల్లో "ఈ మాట ఫలానా టెంప్లేట్‌లో 42వ లైన్లో ఉంది" అని చెప్పే సూచన తప్పకూడదు. అంటే మీరు గుర్తు పెట్టని వాక్యం ఏరివేత యంత్రం దృష్టిలో అక్షరాలా ఎక్స్‌ల వరుసే. ఏదో మిగిలిపోయిందన్న హెచ్చరిక కూడా రాదు.

పని మొదలుపెట్టే క్రమం

ఉబుంటు, డెబియన్‌లలో గెట్‌టెక్స్ట్ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. జాంగోతో పాటు అది రాదు. ప్రాజెక్టు మూల ఫోల్డర్లో లొకేల్ అనే ఫోల్డర్ తెరిచి, సెట్టింగ్స్‌లోని లొకేల్ పాత్స్‌లో దాని దారి ఇవ్వాలి. తరువాత మేక్‌మెసేజెస్‌కు మైనస్ ఎల్ పెట్టి తెలుగు కోడ్ ఇస్తే, లొకేల్ లోపల తెలుగు ఫోల్డరు, దాని లోపల ఎల్‌సీ మెసేజెస్, అందులో జాంగో డాట్ పీఓ తయారవుతాయి. తెలుగుకు రెండక్షరాల కోడే చాలు. ప్రాంతం కూడా చేర్చాలనుకుంటే, సెట్టింగ్స్‌లో భాష కోడ్‌కు మధ్య అడ్డగీత, ఫోల్డర్ పేరులో మాత్రం అండర్‌స్కోర్, ఆపైన దేశం పెద్దక్షరాల్లో ఉండాలి. ఈ రెండూ తారుమారైతే అనువాదమంతా ఫైల్లో భద్రంగా ఉండి, పేజీలో ఒక్క మాటా కనిపించదు.

మొదటిసారి ఆజ్ఞ నడిపినవాళ్లను కంగారుపెట్టేది పీఓ ఫైలు సైజు. రెండొందల మాటలు ఉండాల్సిన చోట వేలల్లో వస్తాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (పైథాన్ లైబ్రరీలు ఉండే ఫోల్డర్) ప్రాజెక్టు లోపలే ఉంటే దానిలోని లైబ్రరీల మాటలన్నీ వచ్చి చేరతాయి. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను జాంగో దానంతటదే వదిలేస్తుంది కాబట్టి డాట్ వెన్వ్ అని పేరు పెట్టినవాళ్లకు ఈ బాధ లేదు. చుక్క లేకుండా పెట్టినవాళ్లు ఇగ్నోర్ ఆప్షన్ ఇవ్వాలి. జావాస్క్రిప్ట్ లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌కూ ఇదే వర్తిస్తుంది, ముఖ్యంగా జావాస్క్రిప్ట్ మాటలు ఏరేటప్పుడు.

దీనికి వ్యతిరేకం, రావాల్సినవి రాకపోవడం. మామూలుగా మేక్‌మెసేజెస్ చూసేవి మూడు రకాల ఫైళ్లే: హెచ్‌టీఎమ్ఎల్, టీఎక్స్‌టీ, పీవై. ఈమెయిల్ టెంప్లేట్లకు వేరే ఎక్స్‌టెన్షన్ పెడితే వాటి మొహం కూడా చూడదు. మైనస్ ఈ ఆప్షన్‌తో ఆ ఎక్స్‌టెన్షన్‌ను చేర్చాలి. ఓటీపీ మెయిల్ ఒక్కటీ ఇంగ్లీషులో వచ్చే సైట్లలో మొదట చూడాల్సింది ఇదే.

ఇంకొకటి: ప్రతి టెంప్లేట్ పైనా లోడ్ ఐ18ఎన్ అనే ట్యాగు ఉండాలి. తల్లి టెంప్లేట్‌లో ఉంది కదా అని పిల్ల టెంప్లేట్‌లో వదిలేస్తే కుదరదు. అదృష్టవశాత్తూ ఈ తప్పు పేజీ తెరవగానే ఎర్రర్ రూపంలో తెలిసిపోతుంది. నోరు విప్పని తప్పులతోనే తంటా.

ఎక్కడెక్కడ వెతకాలి

ట్యాగుల మధ్య కనిపించే మాటలకు ఎవరైనా గుర్తు పెడతారు. మరిచిపోయేవి కనిపించనివి: బొమ్మకిచ్చే ఆల్ట్ పాఠం, ఇన్‌పుట్ పెట్టెలోని లేత ప్లేస్‌హోల్డర్ మాట, టైటిల్ ట్యాగు, సెర్చ్ ఇంజన్లు చూపించే మెటా వివరణ, స్క్రీన్ రీడర్ చదివే ఆరియా లేబుల్, సబ్మిట్ బటన్ వాల్యూ. స్క్రీన్ రీడర్ మాట అందరికన్నా ఆలస్యంగా బయటపడుతుంది. ఎందుకంటే కళ్లతో పరీక్షించేవాళ్లకు అది ఎప్పటికీ దొరకదు. సీఎస్ఎస్‌లో కంటెంట్ అనే గుణం ద్వారా "న్యూ" అని అతికించే అలవాటు ఇంకొకటి. ఏ ఏరివేత పనిముట్టూ దాన్ని తీసుకురాదు. దాన్ని టెంప్లేట్‌లోకి తెచ్చుకోవడమే మార్గం.

టెంప్లేట్ బయట పైథాన్ ఫైళ్లలో ఫారం లేబుళ్లు, తప్పు సందేశాలు, మోడల్ ఫీల్డుల పేర్లు, మెయిల్ సబ్జెక్టులు ఉంటాయి. వీటితో చిక్కేమిటంటే ఇవి ఫైలు పైభాగాన, సర్వరు మొదలైనప్పుడు ఒక్కసారే నడిచే చోట ఉంటాయి. అక్కడ మామూలు గెట్‌టెక్స్ట్ వాడితే ఆ క్షణంలో ఏ భాష అమల్లో ఉందో ఆ భాషకే మాట గడ్డకట్టిపోతుంది. తరువాత వచ్చిన పాఠకుడు తెలుగు ఎంచుకున్నా మారదు. గెట్‌టెక్స్ట్ లేజీ వాడితే పేజీ చూపే క్షణం వరకు అనువాదం వాయిదా పడుతుంది. ఏరివేతకు రెండూ ఒకటే, కాబట్టి పీఓ ఫైలు చూసి ఈ తప్పు పట్టుకోలేం.

డేటాబేస్‌లో ఉన్న మాటల సంగతి వేరు. సరుకుల పేర్లు, విభాగాల పేర్లు అడ్మిన్ పేజీలో ఎవరో టైపు చేసినవి; వాటికి గెట్‌టెక్స్ట్ సరైన చోటు కాదు, భాషకొక కాలమ్ పెట్టుకునే లైబ్రరీలు ఉన్నాయి. కానీ స్టేటస్ పేర్ల లాంటివి, అంటే "పెండింగ్", "షిప్ప్‌డ్" లాంటి లెక్కపెట్టదగ్గ మాటలు, కోడ్‌లోనే ఎక్కడో ఒకచోట నేరుగా రాసి ఉండాలి. టెంప్లేట్‌లో ట్రాన్స్‌లేట్ ట్యాగుకు వేరియబుల్ ఇస్తే నడిచేటప్పుడు అనువాదం వెతుకుతుంది, ఏరేటప్పుడు మాత్రం దానికి ఏమీ దొరకదు. ఆ మాటలను పైథాన్‌లో గెట్‌టెక్స్ట్ నూప్‌తో చుట్టి ఉంచితే పీఓలోకి వస్తాయి. అది మాటను మార్చదు, ఏరేవాడికి కనపడేలా గుర్తు మాత్రం పెడుతుంది.

వాక్యాన్ని ఎక్కడ కోయాలి

గుర్తు పెట్టడం చేతనైతే సగం పని అయినట్టు. మిగతా సగం, అసలు కష్టమైంది, గుర్తు ఎంత మేర పెట్టాలన్నది.

"పోస్టెడ్ బై" అని ఒక ట్యాగు, తరువాత పేరు, తరువాత "ఆన్" అని మరో ట్యాగు, తరువాత తేదీ. ఇంగ్లీషులో రాసుకుంటూ పోయేవాళ్లకు ఇది సహజంగానే తోస్తుంది. అనువాదకుల చేతికి అందేవి రెండు మాటలు: "పోస్టెడ్ బై", "ఆన్". తెలుగులో క్రియ చివర వస్తుంది, "న" అనే ప్రత్యయం తేదీకి వెనక అతుక్కుంటుంది. ఎంత గొప్ప అనువాదకుడైనా ఆ రెండు ముక్కలను తిప్పి పెట్టలేడు, ఎందుకంటే వరుస టెంప్లేట్ చేతిలో ఉంది. అదే వాక్యాన్ని బ్లాక్‌ట్రాన్స్‌లేట్ ట్యాగులో మొత్తంగా పెడితే, పీఓలోకి పేరు, తేదీ రెండూ ప్లేస్‌హోల్డర్లుగా, అంటే అసలు విలువ వచ్చి కూర్చునే చోటును చూపే గుర్తులుగా వస్తాయి. "%(నేమ్)ఎస్ %(డేట్)ఎస్‌న రాశారు" అని వాటిని ఎలాగైనా అమర్చుకోవచ్చు. ఒక వాక్యానికి పీఓలో ఒకే ఎంట్రీ (మూల వాక్యం, దాని అనువాదం) అన్న నియమం తప్పకుండా పాటిస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

బ్లాక్‌ట్రాన్స్‌లేట్‌కు కొన్ని పట్టింపులున్నాయి. లోపల ఇఫ్, ఫర్, యూఆర్ఎల్ లాంటి ట్యాగులు పెట్టనివ్వదు. చుక్కలతో లోతుకి వెళ్లే వేరియబుళ్లనూ, ఫిల్టర్లు తగిలించినవాటినీ ముందుగా విత్ అని రాసి చిన్న పేరుకు కట్టుకోవాలి. లింకు ఉంటే పై లైన్లో యూఆర్ఎల్ ట్యాగును యాజ్ అనే మాటతో ఒక పేరులోకి తీసుకుని, ఆ పేరును లోపల వాడాలి. ఇదంతా చికాకుగా అనిపిస్తుంది గానీ ప్లేస్‌హోల్డర్ పేర్లు దీనివల్లే శుభ్రంగా ఉంటాయి. "యూజర్ నేమ్" అని కనిపిస్తే అనువాదకుడికి అర్థమవుతుంది, "ఎక్స్2" అని కనిపిస్తే ఊహించుకోవాలి.

వాక్యం మధ్యలో లింకు ట్యాగులు, బోల్డ్ ట్యాగులు వస్తే వాటిని వాక్యంతో పాటే ఉంచాలి. "ఐ అగ్రీ టు ది టర్మ్స్" అనేదాన్ని లింకు దగ్గర రెండుగా విరిస్తే తెలుగులో "నిబంధనలకు అంగీకరిస్తున్నాను" అనడం కుదరదు. పేరా ట్యాగులు, డివ్‌లు మాత్రం బయటే ఉండాలి. వాక్యాన్ని విడగొట్టని హెచ్‌టీఎమ్ఎల్ లోపలికి, పేజీ ఆకారాన్ని కట్టేది బయటికి. ఒక జాగ్రత్త ఉంది: బ్లాక్‌ట్రాన్స్‌లేట్‌లో వేరియబుళ్లను జాంగో ఎస్కేప్ చేస్తుంది (వాటిలోని ట్యాగులు పనిచేయకుండా మామూలు అక్షరాలుగా మారుస్తుంది) గానీ అనువాద పాఠాన్ని చేయదు. పీఓలో రాసిన ట్యాగు ఉన్నదున్నట్టు పేజీలోకి వెళ్తుంది. బయటివాళ్లు పంపిన పీఓను కోడ్‌ను చూసినంత శ్రద్ధగా చూడాలి.

బ్లాక్‌ట్రాన్స్‌లేట్ ట్యాగులో ట్రిమ్‌డ్ అనే మాట ఎప్పుడూ మరవకూడదు. అది లేకపోతే టెంప్లేట్‌లో అందం కోసం పెట్టుకున్న లైన్లూ ఖాళీలూ ఎంట్రీలో భాగమైపోతాయి. ఎడిటర్ టెంప్లేట్‌ను సర్ది నాలుగు ఖాళీలను రెండుగా మార్చిన రోజు, గెట్‌టెక్స్ట్ దృష్టిలో అది కొత్త వాక్యం. పాత అనువాదం చేజారుతుంది. పైగా ఎంట్రీ కొత్త లైన్‌తో మొదలైతే అనువాదమూ కొత్త లైన్‌తోనే మొదలవ్వాలని ఎమ్ఎస్‌జీఎఫ్ఎమ్‌టీ పట్టుబడుతుంది. అనువాదకులు దాన్ని గమనించరు, కంపైల్ ఆగిపోతుంది. ట్రిమ్‌డ్ జాంగో 1.7 నుంచి ఉంది. పాత ట్యుటోరియళ్లలో దాని ఊసు లేకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాగే ట్రాన్స్, బ్లాక్‌ట్రాన్స్ అనే పాత పేర్లు కనిపిస్తే అవి 3.1 నుంచి ట్రాన్స్‌లేట్, బ్లాక్‌ట్రాన్స్‌లేట్ అయ్యాయి, పని ఒకటే.

పైథాన్ ఫైళ్లలో వచ్చే కోత తప్పు ఇంకో రకం. ఎఫ్-స్ట్రింగ్‌ను (విలువలను లోపలే పూరించుకునే పైథాన్ వాక్యాన్ని) గెట్‌టెక్స్ట్ బ్రాకెట్లో పెడితే, పేరు ముందే పూరింపు అయిపోయాక గెట్‌టెక్స్ట్‌కు చేరుతుంది. అది "హలో రవి" అన్న వాక్యం కోసం వెతుకుతుంది. పీఓలో అది ఉండదు, ఇంగ్లీషే కనిపిస్తుంది. ముందు గెట్‌టెక్స్ట్, దాని బ్రాకెట్ మూసిన తరువాతే ఫార్మాట్. జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌టిక్‌ల మధ్య డాలర్ గుర్తుతో విలువ చొప్పించడమూ ఇదే తప్పు. జావాస్క్రిప్ట్ మాటలకు జాంగోజేఎస్ అనే వేరే డొమైన్‌తో (విడి పీఓ ఫైలు పేరుతో) మేక్‌మెసేజెస్ ఇంకోసారి నడపాలి. పూరింపుకు జాంగో ఇచ్చే ఇంటర్‌పొలేట్ ఫంక్షన్ ఉంది.

శాతం గుర్తు ఓ చిన్న ఉచ్చు. పైథాన్ కోడ్‌లో "20% డిస్కౌంట్" అని ఇంగ్లీషులో రాస్తే, శాతం గుర్తు, ఖాళీ, డీ అక్షరం కలిసి పైథాన్‌లో చెల్లే ఫార్మాట్ గుర్తే అవుతాయి. ఎక్స్‌గెట్‌టెక్స్ట్ ఆ ఎంట్రీకి పైథాన్-ఫార్మాట్ అని ముద్ర వేస్తుంది. తెలుగులో "20% తగ్గింపు" అని సరిగ్గా రాసినవాళ్లకు కంపైల్ చేసేటప్పుడు ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో ఆ లైను పైన ఎక్స్‌గెట్‌టెక్స్ట్, కోలన్, నో-పైథాన్-ఫార్మాట్ అని వ్యాఖ్య రాస్తే ముద్ర పడదు.

తెలుగు విభక్తి ఒప్పుకోని చోట్లు

వాక్యం మొత్తం ఇచ్చినా తెలుగు ఇంకో పేచీ పెడుతుంది. మన ప్రత్యయాలు ముందున్న మాటను బట్టి మారతాయి, ప్లేస్‌హోల్డర్‌లో ఏ మాట వస్తుందో అనువాదకుడికి తెలీదు. రవికి, రాజుకు. వరంగల్‌కు, ఖమ్మానికి. ప్లేస్‌హోల్డర్ వెనక "కు" రాస్తే "రవికు", "ఖమ్మంకు" వస్తాయి. ఏరివేత పనిముట్టు దీన్ని సరిచేయలేదు, వాక్య నిర్మాణంతోనే తప్పుకోవాలి.

మనుషుల పేర్లకు "గారు" అక్కరకొస్తుంది. "%(నేమ్)ఎస్ గారికి" అని రాస్తే విభక్తి గారు మీద పడుతుంది, పేరు ఏ అచ్చుతో ముగిసినా, ఇంగ్లీషు లిపిలో ఉన్నా ఇబ్బంది లేదు. మర్యాద అదనపు లాభం. ఊళ్లకు "నుంచి", "వరకు" లాంటివి విడిగా నిలబడతాయి కాబట్టి "ఖమ్మం నుంచి విజయనగరం వరకు బస్సులు" అనడంలో ఏ చిక్కూ రాదు. "లో" తప్పనిసరైతే ప్లేస్‌హోల్డర్‌కూ "లో"కూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని అక్షరం పెట్టాలి, యూనికోడ్‌లో యూ+200సి. లేకపోతే కరీంనగర్ లాంటి పొల్లుతో ముగిసే పేరు వచ్చినప్పుడు "ర్", "లో" కలిసి ఒత్తుగా మారిపోతాయి. అచ్చుతో ముగిసే పేర్ల తరువాత ఆ అక్షరం ఉన్నా పైకి ఏమీ కనిపించదు, హాని లేదు. క్రియకు "వచ్చాడు", "వచ్చింది" మధ్య తేల్చుకోలేని చోట "వచ్చారు" ఎలాగూ ఉంది.

లెక్కల సంగతికొస్తే, తెలుగు పీఓ శీర్షికలో బహువచన నియమం ఇంగ్లీషుదే: రెండు రూపాలు, 1 కానిదంతా బహువచనం. "1 వ్యాఖ్య", "5 వ్యాఖ్యలు". మనుషులను లెక్కపెట్టేచోట "1 వ్యక్తి", "5 మంది" అని రెండు రూపాలకూ వేర్వేరు మాటలు వాడుకునే వీలుంది, టెంప్లేట్‌లో కౌంట్, ప్లూరల్ పెట్టి ఉంటే. చాలా టెంప్లేట్లలో వాటి బదులు ప్లూరలైజ్ అనే ఫిల్టర్ కనిపిస్తుంది. అది మామూలుగా ఇంగ్లీషు మాట చివర ఎస్ అతికిస్తుంది, వేరే ప్రత్యయం కావాలంటే టెంప్లేట్‌లోనే రాయాలి, అది అనువాదకుడి చేతిలో ఉండదు. అనువదించబోయే సైట్లో దాన్ని పూర్తిగా తీసేయాలి. ఏకవచన రూపంలోనూ అంకెను వదలొద్దు. తెలుగుకు "ఒక వ్యాఖ్య" సరిపోతుంది గానీ రష్యన్‌లో 21కి కూడా ఏకవచన రూపమే వాడతారు. అదే టెంప్లేట్ రేపు అక్కడికీ వెళ్లొచ్చు.

ఒకే ఇంగ్లీషు మాట, రెండు తెలుగు మాటలు

గెట్‌టెక్స్ట్‌కు ఇంగ్లీషు వాక్యమే తాళంచెవి. అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయిన రెండు మాటలు పది టెంప్లేట్లలో ఉన్నా పీఓలో ఒక్కటే ఎంట్రీ. అమ్మకపు సైట్లో ఫారం కింద "సేవ్" అంటే భద్రపరచండి. ధర పక్కన "సేవ్" అంటే ఆదా. టికెట్ల సైట్లో "బుక్" బటను, గ్రంథాలయ విభాగంలో "బుక్" వేరు. వీటిని కాంటెక్స్ట్ అనే మాటతో విడదీయాలి: ట్రాన్స్‌లేట్ ట్యాగులో మాట తరువాత కాంటెక్స్ట్ అని రాసి, కొటేషన్లలో "ధర పక్కన" లాంటి గుర్తు ఇవ్వాలి. అప్పుడు ఎంట్రీలు రెండవుతాయి. ఒక్క మాటతో ఉన్న బటన్లన్నింటికీ కాంటెక్స్ట్ ఇవ్వడం అతి అనిపించుకోదు. ఇంగ్లీషులో క్రియగానూ నామవాచకంగానూ ఒకే రూపంలో ఉండే మాటలు చాలా ఎక్కువ.

అనువాదకులకు వివరణ చేరవేయడానికి మరో దారి వ్యాఖ్య. టెంప్లేట్‌లో ట్యాగుకు సరిగ్గా పై లైన్లో ట్రాన్స్‌లేటర్స్ అనే మాటతో మొదలయ్యే వ్యాఖ్య రాస్తే అది పీఓలోకి వచ్చి ఎంట్రీ పైన కూర్చుంటుంది. మధ్యలో లైన్ల దూరం ఉంటే తప్పిపోతుంది. వికీపీడియా వెనకున్న మీడియావికీ ఈ వివరణలకు ఏకంగా ఒక దొంగ భాషే సృష్టించుకుంది: మూడక్షరాల క్యూక్యూక్యూ కోడ్ కింద ప్రతి సందేశానికీ అది ఎక్కడ వస్తుంది, డాలర్ 1 అంటే ఏమిటి అన్నవి రాస్తారు. అక్కడ ఇంగ్లీషు వాక్యం తాళంచెవి కాదు, ప్రతి సందేశానికీ విడిగా ఒక పేరుంటుంది. ఇంగ్లీషులో స్పెల్లింగు దిద్దినా అనువాదాలు చెదరవు. గెట్‌టెక్స్ట్‌లో చెదురుతాయి. ఆ చెదిరినవాటిని ఏం చేయాలన్నదే తరువాతి సంగతి.

ఫజీ అనే సగం నిజం

కోడ్ మారాక మేక్‌మెసేజెస్‌ను మళ్లీ నడిపితే, కొత్తగా ఏరిన మాటలను పాత పీఓతో కలిపేది ఎమ్ఎస్‌జీమెర్జ్. పాత జాబితాలో లేని వాక్యం కనిపిస్తే దానికి దగ్గరగా ఉన్న పాత వాక్యం కోసం వెతికి, దాని అనువాదాన్ని తెచ్చి పెట్టి, పైన ఫజీ అని ముద్ర వేస్తుంది. ఇది అక్షరాల పోలిక మాత్రమే, అర్థంతో సంబంధం లేదు. "డిసేబుల్ అకౌంట్" పోయి "డిలీట్ అకౌంట్" వస్తే, తాత్కాలికంగా ఆపడానికి రాసిన తెలుగు శాశ్వతంగా తీసేసే బటను మీదికి ఎక్కే ప్రమాదం ఉంది.

ఎక్కదు, ఎందుకంటే ఫజీ ముద్ర ఉన్నవాటిని ఎమ్ఎస్‌జీఎఫ్ఎమ్‌టీ ఎమ్ఓలోకి రానివ్వదు. నిన్నటిదాకా తెలుగులో ఉన్న వాక్యం ఇవాళ ఇంగ్లీషులోకి మారడానికి కారణం చాలాసార్లు ఇదే. దాన్ని చూసి విసిగి ఫైల్లోని ఫజీ ముద్రలన్నీ ఒక్క దెబ్బకు చెరిపేసేవాళ్లు ఉన్నారు. అప్పుడే పై ప్రమాదం నిజమవుతుంది. ఎంట్రీలో హ్యాష్ గుర్తు, నిలువు గీతతో మొదలయ్యే లైను పాత ఇంగ్లీషు వాక్యాన్ని చూపిస్తుంది, జాంగో దాన్ని కావాలనే ఉంచుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన చదివి, తెలుగు దిద్ది, ఆ తరువాతే ముద్ర తీయాలి. ఫైలు అడుగున టిల్డా గుర్తుతో ఉన్నవి ఇప్పుడు కోడ్‌లో లేని వాక్యాలు. వాటిని వెంటనే చెరపనక్కర్లేదు, ఆ వాక్యం మళ్లీ కోడ్‌లోకి వస్తే అనువాదం తిరిగి వాడుకలోకి వస్తుంది.

అనువాదం రాసినా పేజీ మారలేదంటే చూడాల్సిన వరుస: పీఓను ఎమ్ఓగా మార్చే కంపైల్‌మెసేజెస్ ఆజ్ఞ నడిపారా, నడిపితే ఎర్రర్ రాలేదా, ఎంట్రీ ఫజీయా, సర్వరును మళ్లీ మొదలుపెట్టారా, ఫోల్డర్ లొకేల్ పాత్స్‌లో ఉందా. ప్లేస్‌హోల్డర్ పేరును కూడా తెలుగులోకి మార్చేయడం కొత్త అనువాదకులు తరచూ చేసే పొరపాటు. అది కంపైల్ దగ్గరే దొరుకుతుంది, ఎందుకంటే జాంగో ఫార్మాట్ తనిఖీ ఆప్షన్‌తోనే ఎమ్ఎస్‌జీఎఫ్ఎమ్‌టీని పిలుస్తుంది.

జింజా వాడేవాళ్లకు

ఫ్లాస్క్ (పైథాన్‌లోనే వెబ్‌సైట్లు కట్టే మరో పనిముట్టు)తో జింజా2 టెంప్లేట్లు వాడేచోట మాటలను ఏరేది బేబెల్ అనే పైథాన్ లైబ్రరీ. పైబేబెల్ ఎక్స్‌ట్రాక్ట్, ఇనిట్, అప్‌డేట్, కంపైల్ అని నాలుగు మెట్లు. ఏ ఫైళ్లను ఎలా చదవాలో ఒక చిన్న మ్యాపింగ్ ఫైల్లో చెప్పాలి. ఇక్కడి ఉచ్చు మామూలుది కాదు: టెంప్లేట్‌లో బేబెల్‌కు అర్థంకాని ట్యాగు ఒక్కటి ఉన్నా, జింజా ఏరివేత ఆ ఫైలును మొత్తంగా, చప్పుడు చేయకుండా దాటేస్తుంది. మీరు వాడే ఎక్స్‌టెన్షన్‌ను మ్యాపింగ్‌లో నమోదు చేయకపోయినా అంతే. పేజీ బ్రౌజర్లో బాగానే ఉంటుంది, పాట్ ఫైల్లో మాత్రం దాని మాట ఒక్కటీ ఉండదు. మ్యాపింగ్‌లో సైలెంట్ అనేదానికి ఫాల్స్ ఇస్తే నోరు తెరుస్తుంది. దీన్ని మొదటి రోజే పెట్టుకోవడం మంచిది. ఇంకోటి, పీఓ ఫైలు శీర్షిక మీదే ఫజీ ముద్ర ఉంటే పైబేబెల్ కంపైల్ ఫైలు మొత్తాన్ని వదిలేస్తుంది.

గుర్తులేమీ పెట్టకుండా హెచ్‌టీఎమ్ఎల్‌లోని పాఠాన్నంతా లాగేసే పనిముట్లూ ఉన్నాయి. అనువాద ఫైళ్ల పనిముట్ల కట్ట అయిన ట్రాన్స్‌లేట్ టూల్‌కిట్‌లోని హెచ్‌టీఎమ్ఎల్2పీఓ అలాంటిది. మారని సహాయ పేజీలకు, కరపత్రం లాంటి సైట్లకు అది హాయి. వేరియబుళ్లు, షరతులు ఉన్న టెంప్లేట్ మీద ప్రయోగిస్తే వాక్యాలను తనకు తోచిన చోట కోస్తుంది. ముందు చెప్పిన కోత తప్పులన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి.

వదిలినవి పట్టుకోవడం

ఏరని మాటను పీఓ ఫైల్లో వెతకలేం, అక్కడ లేదు కదా. పేజీలోనే పట్టుకోవాలి. అందుకు దొంగ అనువాదం వాడతారు. ట్రాన్స్‌లేట్ టూల్‌కిట్‌లోనే పీఓడీబగ్ అనే పనిముట్టు ఉంది. దానికి రీరైట్ ఆప్షన్‌లో యూనికోడ్ అని ఇస్తే పీఓలోని ప్రతి ఇంగ్లీషు మాటనూ గుర్తులు తగిలించిన వింత అక్షరాలతో నింపుతుంది, ప్లేస్‌హోల్డర్లను వదిలేస్తుంది. దాన్ని వాడని ఏదో భాష కోడ్ కింద కంపైల్ చేసి సైటు తెరిస్తే, వింతగా మారకుండా మామూలు ఇంగ్లీషులో మిగిలిన ప్రతిదీ గుర్తు పెట్టనిదే. ఒక్క తెలుగు అక్షరం రాయకముందే, అనువాదకుణ్ణి పిలవకముందే ఈ పని అయిపోవాలి.

ఈ పరీక్షలో ఫారాలను తప్పుగా నింపి పంపాలి, ఖాళీ జాబితా ఉన్న పేజీ తెరవాలి, పాస్‌వర్డ్ మరిచిపోయినట్టు నటించి మెయిల్ తెప్పించుకోవాలి, 404 పేజీ చూడాలి. రోజువారీ దారిలో కనిపించని మాటలు అక్కడే దాక్కుంటాయి. మొదటి పేరాలోని ఎర్రక్షరాల ఇంగ్లీషు అలాంటి చోటిదే.